ఎంబసీ ఏమిస్తుంది, ఏమివ్వదు: బయట ఉన్నవాళ్ల కాగితాల గొడవ

మన హైదరాబాద్‌లో ఏ అపార్ట్‌మెంట్ తీసుకున్నా ఒకళ్లిద్దరి పిల్లలైనా బయట ఉంటారు, డాలస్సో దుబాయో మెల్‌బోర్నో, కాబట్టి ఈ ఫోన్ కాల్ అందరిళ్లల్లో వినిపించేదే. ఇక్కడి నుంచి నాన్న "ఎంబసీకి వెళ్లి చేయించేసుకోరా, అదెంత పని" అంటాడు, అక్కడి నుంచి వాడు "ఎంబసీ వాళ్లు హైదరాబాద్‌లోనే చేయించుకోమన్నారు నాన్నా" అంటాడు, ఇద్దరూ ఒకళ్ల మీద ఒకళ్లు విసుక్కుంటారు. నిజానికి ఇద్దరు చెప్పేదీ సగం సగం కరెక్టే, తేడా అంతా అడుగుతున్న కాగితం ఏంటి అన్నదాంట్లో ఉంది.

ప్రతి కాగితానికీ ఒక ఓనర్ ఆఫీసు ఉంటుంది, దాన్ని పుట్టించింది ఎవరో మార్చగలిగేది కూడా వాళ్లే. ఎంబసీ సొంతంగా ఓనర్ అయిన కాగితాలు చాలా తక్కువ: పాస్‌పోర్ట్, పాస్‌పోర్ట్ పోతే ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్, బయట పుట్టిన పిల్లల రిజిస్ట్రేషన్, మన పౌరసత్వం వదులుకున్నట్టు ఇచ్చే సర్టిఫికెట్, ఓసీఐ (వేరే దేశం పౌరులైన మనవాళ్లు వీసా లేకుండా ఇక్కడికి వచ్చిపోయే కార్డు), ఇంకొన్ని చిల్లర కాగితాలు, అంతే. బర్త్ సర్టిఫికెట్ జీహెచ్ఎంసీది, పెళ్లి సర్టిఫికెట్ సబ్ రిజిస్ట్రార్‌ది, టెన్త్ మెమో బోర్డుది, డిగ్రీ యూనివర్సిటీది. వీటిల్లో ఒక్క అక్షరం తప్పున్నా ఎంబసీలో అంబాసిడర్ గారు స్వయంగా కూర్చున్నా దిద్దలేరు. మూడో రకం మనమే రాసుకునేవి, పవర్ ఆఫ్ అటార్నీ (మన తరఫున ఇంకొకరు సంతకం పెట్టేలా ఇచ్చే అధికార పత్రం), అఫిడవిట్ లాంటివి, వీటి మీద ఎంబసీ చెప్పేది ఒక్కటే, ఫలానా మనిషి మా ముందు సంతకం పెట్టాడు అని. లోపల రాసింది నిజమా కాదా వాళ్లకి సంబంధం లేదు.

ఈ మూడింటినీ కలిపేసి ఆలోచించడం వల్లే సగం పరేషాన్.

ముందు ఎంబసీ, కాన్సులేట్ సంగతి చూద్దాం. ఎంబసీ దేశానికి ఒకటే, రాజధానిలో ఉంటుంది, కాన్సులేట్లు మిగతా పెద్ద ఊళ్లల్లో ఉంటాయి, పనులు మాత్రం రెండు చోట్లా అవే. ఏరియాలు పంచుకుని ఉంటాయి కాబట్టి మనకి నచ్చిన చోటికి వెళ్తామంటే కుదరదు. డాలస్‌లో ఉంటే హ్యూస్టన్ కాన్సులేట్, ఎడిసన్‌లో ఉంటే న్యూయార్క్, దుబాయ్ షార్జా వాళ్లకి దుబాయ్ కాన్సులేట్, అబుదాబి వాళ్లకి అక్కడి ఎంబసీ, సౌదీలో జెడ్డా వైపు ఉన్నవాళ్లకి జెడ్డా, మిగతావాళ్లకి రియాద్. ఇంకో విషయం, వీఎఫ్ఎస్, బీఎల్ఎస్ లాంటి ప్రైవేట్ సెంటర్లు ఎంబసీ కాదు, అప్లికేషన్ తీసుకుని, చెక్ లిస్ట్ చూసి, ఫీజు కట్టించుకుని లోపలికి పంపేవాళ్లు. కౌంటర్‌లో అమ్మాయితో గొడవ పెట్టుకుంటే ఏం రాదు, నిర్ణయం ఆమె చేతిలో లేదు.

ఇక పాస్‌పోర్ట్. బయట ఉన్నా అప్లై చేసేది పాస్‌పోర్ట్ సేవా ఆన్‌లైన్ సిస్టమ్‌లోనే, ఎంబసీల కోసం వేరే పేజీ ఉంటుంది, ఫారం అక్కడ నింపి సెంటర్‌లో ఇవ్వాలి. గడువు ఇంకో ఏడాది ఉండగానే రిన్యువల్‌కి పెట్టొచ్చు, ఇది చాలామంది లైట్ తీసుకుంటారు. అమెరికాలో హెచ్-1బీ వర్క్ వీసా మీద ఉన్నవాళ్లకైతే ఇది మరీ ముఖ్యం, వీసా అప్రూవల్ మూడేళ్లకి వచ్చినా పాస్‌పోర్ట్ ఏడాదిలో అయిపోతుంటే ఎయిర్‌పోర్ట్‌లో ఆఫీసర్ ఐ-94 ని, అంటే ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డుని, పాస్‌పోర్ట్ గడువు దాకే ఇచ్చే ఛాన్స్ ఎక్కువ, మనవాడేమో అప్రూవల్ పేపర్ మీది డేట్ చూసుకుని ధైర్యంగా కూర్చుంటాడు, స్టేటస్ మాత్రం మధ్యలోనే అయిపోయి ఉంటుంది. దేశంలోకి వచ్చిన ప్రతిసారీ ఐ-94 ఆన్‌లైన్‌లో చూసుకోవడం రెండు నిమిషాల పని.

పోలీస్ వెరిఫికేషన్ పడితే అది జరిగేది అక్కడ కాదు, ఇక్కడ. ఫారంలో ఇచ్చిన ఇండియా అడ్రస్‌కి వస్తారు. అమ్మానాన్న దిల్‌సుఖ్‌నగర్‌లో ఇల్లు ఖాళీ చేసి కొంపల్లికి మారి నాలుగేళ్లయినా కొడుకు మాత్రం పాత పాస్‌పోర్ట్ చూసి పాత అడ్రసే కొట్టేస్తాడు, ఆ ఇంట్లో ఇప్పుడున్న కిరాయిదారు "అట్లాంటోళ్లెవరూ ఇక్కడ లేరు" అంటాడు, రిపోర్ట్ అడ్వర్స్, అంటే వ్యతిరేకం, అని వెళ్తుంది. తర్వాత అక్కడ ఎంబసీకి ఎన్ని మెయిల్స్ కొట్టినా వాళ్ల జవాబు ఒకటే, ఇండియా నుంచి క్లియరెన్స్ రాలేదు అని. ఇట్లా ఆగినవి కదిలించాలంటే ఇక్కడి రీజనల్ పాస్‌పోర్ట్ ఆఫీసు, పోలీస్ స్పెషల్ బ్రాంచ్ వైపు చూడాలి, ఎంబసీ వైపు కాదు.

అంతకంటే పెద్దది మన తెలుగోళ్ల పేర్ల గొడవ. టెన్త్ మెమోలో ఇంటిపేరు మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది, ఆధార్‌లో పూర్తి ఇంటిపేరు ముందుంటుంది, బ్యాంకులో వెనకుంటుంది, పాస్‌పోర్ట్‌లో సర్‌నేమ్ గడి ఖాళీగా వదిలేసి అంతా గివెన్ నేమ్‌లో కుక్కేస్తారు. అప్పట్లో ఏజెంట్ నింపాడు, మనం సంతకం పెట్టాం, పాస్‌పోర్ట్ వచ్చింది, హ్యాపీ. దెబ్బ తర్వాత తెలుస్తుంది. అమెరికా వీసాలో మొత్తం పేరు సర్‌నేమ్ కిందికి వెళ్లి ముందు ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది, అంటే పేరు తెలియదు అని, ఇక డ్రైవింగ్ లైసెన్స్‌లో బ్యాంకులో అదే పేరుగా స్థిరపడిపోతుంది. యూఏఈ అయితే 2022 నవంబర్ నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్ట్ మీద విజిట్ వీసాతో రానివ్వడం లేదు, పాస్‌పోర్ట్ రెండో పేజీలో తండ్రి పేరో ఇంటిపేరో ఉంటే ఒప్పుకుంటామని తర్వాత చెప్పారు. సర్‌నేమ్ విడగొట్టించుకోవడం పాస్‌పోర్ట్ రీఇష్యూలో అయ్యే పనే, అక్కడున్నా చేయించుకోవచ్చు, కానీ వీసా మీద అప్పటికే పాత రూపం ఉంటుంది కదా, అందుకని బయటికి వెళ్లకముందే ఇక్కడే సెట్ చేసుకుని వెళ్లడం వంద రెట్లు తేలిక.

పాస్‌పోర్ట్ పోయినా, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) దగ్గర ఇరుక్కుపోయినా గల్ఫ్‌లో వినిపించే మాట ఔట్‌పాస్. జగిత్యాల, నిజామాబాద్, సిరిసిల్ల వైపు ఇళ్లల్లో పిల్లలకి కూడా తెలిసిన మాట ఇది. ఎంబసీ ఇచ్చే ఎమర్జెన్సీ సర్టిఫికెట్‌నే అట్లా అంటారు. దానితో ఇండియాకి ఒక్కసారి రావడం తప్ప ఇంకేం పనికి రాదు, వేరే దేశం వెళ్లలేరు, వచ్చాక మళ్లీ కొత్త పాస్‌పోర్ట్‌కి అప్లై చేసుకోవాల్సిందే. ఇక్కడ అసలు తిరకాసు ఏంటంటే ఔట్‌పాస్ చేతికొస్తే ఇంటికి పోయినట్టే అనుకుంటారు, కాదు. అది మన వైపు గేటు తీస్తుంది అంతే, అవతలి వైపు గేటు ఆ దేశానిది. వీసా గడువు దాటి ఉన్నందుకు జరిమానాలు, యజమాని పెట్టిన పారిపోయాడన్న కేసు, బ్యాంకు అప్పు కేసు ఏదైనా ఉంటే అవి తేలి ఆ దేశం వాళ్లు ఎగ్జిట్ పర్మిషన్ ఇస్తేనే విమానం. అందుకే ఆమ్నెస్టీ (జరిమానాల మాఫీ) ప్రకటించినప్పుడు ఎంబసీల ముందు అంత జనం, 2024లో యూఏఈ సెప్టెంబర్ 1 నుంచి మొదలుపెట్టి డిసెంబర్ 31 దాకా పొడిగించినప్పుడు జరిమానాలు లేకుండా బయటపడే దారి దొరికింది. టికెట్‌కి డబ్బుల్లేని పరిస్థితుల్లో ఎంబసీ దగ్గర ఇండియన్ కమ్యూనిటీ వెల్ఫేర్ ఫండ్ అని ఒకటి ఉంటుంది, 2009లో పెట్టారు, అడగాలని తెలియక చాలామంది అడగరు. అడగండి.

పిల్లల విషయానికొస్తే ఏ దేశంలో పుట్టారన్నదాన్ని బట్టి కథ పూర్తిగా ఉల్టా అయిపోతుంది.

గల్ఫ్‌లో పుడితే ఆ దేశం పౌరసత్వం ఇవ్వదు, అంటే మన పాస్‌పోర్ట్ వచ్చేదాకా ఆ పసిబిడ్డకి ఏ దేశం కాగితమూ లేదు. యూఏఈలో పుట్టిన 120 రోజుల్లోపు రెసిడెన్స్ వీసా అవ్వాలి, దానికి పాస్‌పోర్ట్ కావాలి, దానికి బర్త్ సర్టిఫికెట్ కావాలి, దానికి హాస్పిటల్ వాళ్లకి పేరు చెప్పాలి. ఇక్కడ తాతయ్య బారసాల ఇరవై ఒకటో రోజు, పేరు అయ్యగారు అక్షరం చెప్పాకే అంటాడు, అక్కడ కొడుక్కి టైమ్ పరిగెడుతూ ఉంటుంది. నా సలహా, అక్షరం వీడియో కాల్‌లో ముందే అడిగేయండి, ఇంటిపేరు ఏ గడిలో రావాలో కాగితం మీద రాసి పెట్టుకుని అదే హాస్పిటల్‌లో ఇవ్వండి, ఎందుకంటే అక్కడ పడ్డ స్పెల్లింగే ఆ తర్వాత పాస్‌పోర్ట్‌లోకి వెళ్తుంది.

చట్టం వైపు నుంచి ఒక డెడ్‌లైన్ కూడా ఉంది. 2004 డిసెంబర్ 3 తర్వాత బయట పుట్టిన బిడ్డకి తల్లో తండ్రో ఇండియన్ అయినంత మాత్రాన పౌరసత్వం దానంతటది రాదు, 1955 పౌరసత్వ చట్టం నాలుగో సెక్షన్ ప్రకారం ఏడాదిలోపు కాన్సులేట్‌లో పుట్టుక రిజిస్టర్ చేయించాలి, బిడ్డకి వేరే దేశం పాస్‌పోర్ట్ లేదని రాసివ్వాలి. ఏడాది దాటితే కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి, అది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేరు.

అమెరికాలో పుడితే ఎక్కువమంది అమెరికా పాస్‌పోర్టే తీసుకుంటారు, మరి అప్పుడు మన పాస్‌పోర్ట్ కుదరదు, రెండూ ఉంచుకోవడానికి మన చట్టం ఒప్పుకోదు. అమ్మమ్మ ఇంటికి తీసుకురావాలంటే బిడ్డకి వీసా అయినా కావాలి, ఓసీఐ అయినా కావాలి. ఓసీఐ ఫీజు బయట 275 డాలర్లు, సెంటర్ ఛార్జీలు వేరే. కార్డు ఒకసారి వస్తే జీవితాంతం, కానీ ఇరవై ఏళ్లు నిండేలోపు పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కొత్త పాస్‌పోర్ట్, ఫొటో ఆన్‌లైన్‌లో ఎక్కించాలి, ఇరవై దాటాక తీసుకున్న పాస్‌పోర్ట్‌కి మాత్రం ఒక్కసారి కార్డు మార్పించుకోవాలి. 2021లో ఈ రూల్ ఇట్లా తేలిక చేశారు, అంతకుముందు పిల్లల పాస్‌పోర్ట్ మారిన ప్రతిసారీ కార్డు మళ్లీ తీసుకోవాల్సి వచ్చేది.

పెద్దవాళ్లు అమెరికా సిటిజన్‌షిప్ తీసుకుంటే ప్రమాణం చేసిన క్షణంలోనే ఇండియన్ పౌరసత్వం పోతుంది, ఎవరూ రద్దు చేయక్కర్లేదు, మన పాస్‌పోర్ట్ మీద ఇంకా ఆరేళ్లు గడువున్నా సరే. ఆ పాస్‌పోర్ట్‌తో శంషాబాద్‌లో దిగడం నేరం. అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకోవాలి, ఆ సర్టిఫికెట్ లేనిదే ఓసీఐ ముందుకు కదలదు. ఇది తెలియక ప్రమాణం అయిన పది రోజులకే చెల్లెలి పెళ్లికి టికెట్లు బుక్ చేసుకునేవాళ్లున్నారు, అట్లాంటప్పుడు ఈ-వీసా ఒక్కటే దిక్కు. ఓసీఐ వస్తే ఇక్కడివాళ్లతో సమానం అనుకోవడం కూడా తప్పే, ఓటు లేదు, పొలం కొనడానికి లేదు. ఎన్ఆర్ఐలకి కూడా అంతే, ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నా సరే, బయట స్థిరపడ్డవాళ్లు వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనకూడదు, తాత తండ్రుల నుంచి వస్తే ఉంచుకోవచ్చు. శంకర్‌పల్లి షాద్‌నగర్ వైపు ఫామ్ ల్యాండ్ బ్రోచర్లు ఎన్ఆర్ఐ వాట్సాప్ గ్రూపుల్లో అంత జోరుగా తిరుగుతుంటాయి కానీ ఈ లైన్ ఒక్కదాంట్లోనూ కనపడదు.

ఇక హైదరాబాద్ వాళ్లకి అన్నిటికంటే ఎక్కువగా తగిలేది పవర్ ఆఫ్ అటార్నీ. మియాపూర్ ఫ్లాట్ అమ్మాలి, ఓనర్ సియాటిల్‌లో, లీవ్ దొరకదు, నాన్నకి పవర్ ఇస్తే ఆయన రిజిస్ట్రేషన్ చేసేస్తాడు. మామూలుగా జరిగేది ఇట్లా: ఇక్కడ డాక్యుమెంట్ రైటరో అడ్వకేటో డ్రాఫ్ట్ తయారు చేస్తారు, అందులో ఫ్లాట్ నంబర్, సర్వే నంబర్, అన్‌డివైడెడ్ షేర్ (స్థలంలో ఫ్లాట్‌కి వచ్చే వాటా) ఎన్ని గజాలు, నాలుగు దిక్కుల హద్దులు పాత సేల్ డీడ్‌లో ఎట్లా ఉన్నాయో అట్లాగే దింపాలి, మెయిల్ చేస్తారు, అక్కడ ప్రింట్ తీసి ప్రతి పేజీ మీదా సంతకం పెట్టి, ఫొటోలు అతికించి, ఇద్దరు సాక్షులతో సంతకాలు చేయించి, కాన్సులర్ ఆఫీసర్ సీలు వేయించి, ఒరిజినల్ కొరియర్ చేస్తారు. సంతకం ఇంట్లోనే ముందు పెట్టేసి తీసుకెళ్తే మళ్లీ మొదటికొస్తుంది, సంతకం ఎవరి ఎదుట పెట్టాలో వాళ్ల ఎదుటే పెట్టాలి.

రిజిస్ట్రేషన్ చట్టం 1908లో 33వ సెక్షన్ బయట ఉన్నవాళ్ల పవర్‌ని నోటరీ ముందు గానీ, కోర్టు జడ్జి ముందు గానీ, ఇండియన్ కాన్సుల్ ముందు గానీ చేయొచ్చంటుంది. అంటే చట్టప్రకారం ఎంబసీ ఒక్కటే దారి కాదు. కానీ కొనేవాడి హోమ్ లోన్ బ్యాంకు లీగల్ వాళ్లు కాన్సులేట్ సీలే కావాలని పట్టుబడితే చట్టం చూపించి వాదిస్తూ కూర్చోలేం కదా, డీల్ పోతుంది. కాబట్టి డ్రాఫ్ట్ రాయకముందే బ్యాంకునీ సబ్ రిజిస్ట్రార్ ఆఫీసునీ ఏ సీలు కావాలో అడిగేసుకోవాలి.

చాలామంది జారిపడేది ఆ తర్వాతే. కాన్సులేట్ సీలు పడింది కదా ఇక ఏ రోజైనా వాడుకోవచ్చని కాగితం బీరువాలో పెడతారు. బయట రాసిన డాక్యుమెంట్ ఇండియాలోకి వచ్చిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంప్ డ్యూటీ కట్టించాలి, 1899 స్టాంప్ చట్టం 18వ సెక్షన్ అదే చెప్తుంది. దాన్ని జిల్లా రిజిస్ట్రార్ దగ్గరికి తీసుకెళ్లి వ్యాలిడేట్ చేయించుకున్నాకే సబ్ రిజిస్ట్రార్ దగ్గర చెల్లుతుంది. మూడు నెలల లెక్క సంతకం పెట్టిన రోజు నుంచి కాదు, కాగితం ఇక్కడికి చేరిన రోజు నుంచి, అందుకే ఆ కొరియర్ కవర్ చించి డస్ట్‌బిన్‌లో పడేయకండి, దాని మీద డేట్ ఉంటుంది, ఎప్పుడొచ్చిందనడానికి మీ దగ్గరున్న రుజువు అదే. డ్యూటీ ఎంతన్నది ఎవరికి పవర్ ఇస్తున్నారు, దేనికిస్తున్నారు అన్నదాన్ని బట్టి మారుతుంది, ఇంట్లోవాళ్లకి ఇస్తే ఒకలా, బిల్డర్‌కి ఇస్తే ఇంకోలా.

ఫ్లాట్ భార్యాభర్తలిద్దరి పేరు మీద ఉంటే ఇద్దరి సంతకాలూ కావాలి. సేల్ డీడ్‌లో పేరు ఒకలా పాస్‌పోర్ట్‌లో ఇంకోలా ఉంటే ఆ రెండు పేర్లూ ఒకరివే అని అఫిడవిట్ కూడా అదే ట్రిప్‌లో సీలు వేయించుకోండి, లేకపోతే దాని కోసం మళ్లీ అపాయింట్‌మెంట్. ఇంకోటి, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) తీసుకుని డబ్బులిచ్చేస్తే ఫ్లాట్ మనదైపోయినట్టే అనుకునే కొనుగోలుదారులు ఇప్పటికీ ఉన్నారు, జీపీఏతో ఓనర్‌షిప్ మారదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చి చెప్పింది.

చివరిది, సర్టిఫికెట్ల మీద స్టాంపులు, అపోస్టిల్, అటెస్టేషన్ అనేవి. అమీర్‌పేటలో ప్రతి రెండో బోర్డు ఇదే కదా. సంగతి ఇది: ఇక్కడి డిగ్రీ సీలు అసలైనదో కాదో అక్కడి ఆఫీసుకి తెలియదు, కాబట్టి ఒకరి సీలుని ఇంకొకరు నిజమే అని చెప్పుకుంటూ పోతారు, రాష్ట్ర ప్రభుత్వ శాఖ, దాని మీద కేంద్ర విదేశాంగ శాఖ. ఆ తర్వాత దారి రెండుగా చీలుతుంది. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే విదేశాంగ శాఖ వేసే అపోస్టిల్‌తో సరి, మనకి ఆ ఒప్పందం 2005 జూలై 14 నుంచి అమల్లో ఉంది. సౌదీ 2022 డిసెంబర్‌లో, కెనడా 2024 జనవరిలో అందులోకి వచ్చాయి, పాత ఏజెంట్లు ఇంకా సౌదీకి ఎంబసీ స్టాంప్ కావాలంటే నమ్మకండి. యూఏఈ, కువైట్ లేవు, వాటికి విదేశాంగ శాఖ తర్వాత ఆ దేశం ఎంబసీ సీలు, అక్కడికెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ సీలు. ప్రభుత్వం అపోస్టిల్‌కి తీసుకునేది 50 రూపాయలే, మిగతాదంతా తిరిగినందుకు ఏజెంట్ తీసుకునే డబ్బు.

అక్కడి కాగితం ఇక్కడికి తేవాలన్నా ఇదే లెక్క తిరగేసి చూడాలి. టెక్సస్‌లో పెళ్లి రిజిస్టర్ చేసుకుని ఆ సర్టిఫికెట్ మీద ఇండియన్ కాన్సులేట్ సీలు కావాలని వెళ్తే, అమెరికా హేగ్ ఒప్పందంలో ఉంది కాబట్టి టెక్సస్ రాష్ట్రం నుంచే అపోస్టిల్ తెచ్చుకోమంటారు. దుబాయ్ సర్టిఫికెట్ అయితే అక్కడి విదేశాంగ శాఖ తర్వాత మన కాన్సులేట్ సీలు వేస్తుంది.

అన్నట్టు మన ఇళ్లల్లో ఒక అలవాటు ఉంది, టెన్త్ మెమో రాగానే పరుగెత్తుకెళ్లి లామినేషన్ చేయించడం. స్టాంపులు పడేది కాగితం వెనక, ప్లాస్టిక్ మీద కాదు. లామినేషన్ తీయబోతే ప్రింట్ ఊడొచ్చిన మెమోలు ఉన్నాయి, అప్పుడు బోర్డు నుంచి డూప్లికేట్ తీసుకుని మళ్లీ మొదటి నుంచి. ఇప్పుడు చదువుకుంటున్న పిల్లలున్నవాళ్లు ఫైల్‌లో పెట్టండి చాలు.

ఎవరైనా అక్కడ చనిపోతే మాత్రం ఎంబసీయే ముందు. అక్కడి డెత్ సర్టిఫికెట్, ఎంబామింగ్ (శవం పాడవకుండా మందు పెట్టినట్టు) సర్టిఫికెట్, అభ్యంతరం లేదని ఎంబసీ ఇచ్చే ఎన్ఓసీ, రద్దు చేసిన పాస్‌పోర్ట్, ఈ నాలుగూ కుదిరితేనే శవపేటిక విమానం ఎక్కుతుంది. కార్గో క్లియరెన్స్ కోసం కేంద్రం 2023లో ఈ-కేర్ అని ఆన్‌లైన్ పోర్టల్ పెట్టింది, శంషాబాద్ నుంచి ఊరికి గల్ఫ్ కార్మికులకి రాష్ట్ర ప్రభుత్వం ఉచిత అంబులెన్స్ ఇస్తుంది. అక్కడి డెత్ సర్టిఫికెట్ సీల్స్‌తో సహా రెండు మూడు ఒరిజినల్స్ తెప్పించుకోండి, బ్యాంకు ఒకటి, ఇన్సూరెన్స్ ఒకటి, ల్యాండ్ మ్యుటేషన్‌కి (భూమి పేరు మార్పుకి) ఒకటి అడుగుతారు.

ఎక్కడైనా ఆగిపోయి ఎవరూ పలకకపోతే విదేశాంగ శాఖ మదద్ పోర్టల్‌లో కంప్లైంట్ వేయొచ్చు, 2015 నుంచి నడుస్తోంది, ఇక్కడి నుంచి ఇంట్లోవాళ్లు కూడా వేయొచ్చు. వేసేటప్పుడు ఫైల్ నంబర్, పాస్‌పోర్ట్ నంబర్, ఏ ఎంబసీ లేదా కాన్సులేట్ పరిధో కచ్చితంగా రాయండి, అప్పుడది ఎంబసీ టేబుల్ మీద ఆగిందా హైదరాబాద్‌లో ఆగిందా అన్నది జవాబులోనే తెలిసిపోతుంది.